చిటికెడు సున్నం – గుప్పెడు గుండె



వార్షికోత్సవ సంచిక అనగానే కవితలు, జోకులు, హాస్టల్ తీపి గుర్తులు వస్తాయి. అవి ఉండాలి. అయితే ఈసారి సంచిక పని చూస్తున్న తమ్ముళ్ళు "అన్నా, మీ బ్యాచ్‌లో ఎక్కువమంది ఆసుపత్రి ఉద్యోగాల్లో ఉన్నారు కదా, అందరికీ పనికొచ్చేది ఏదైనా రాయండి" అని అడిగారు. మేము 2009–11 బై.పి.సి. బ్యాచ్ వాళ్ళం, ఏడుగురం. మాలో ఇద్దరు స్టాఫ్ నర్సులు, ఒకరు ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్, ఒకరు ల్యాబ్ టెక్నీషియన్, ఒకరు బయాలజీ టీచరు, ఒకరు కానిస్టేబులు, ఒకరు ఎకరంన్నర సొంత పొలం, రెండెకరాల కౌలుతో సేద్యం చేస్తున్నారు. ఏం రాద్దామని కూర్చుంటే ఏడుగురి నోటా ఒకే మాట వచ్చింది. అదే మా జంతుశాస్త్రం పుస్తకంలోని ఒక్క వాక్యం. "కండర సంకోచ సమయంలో కాల్షియం అయాన్లు విడుదలవుతాయి." రెండు మార్కుల ప్రశ్న కోసం మేమంతా బట్టీ పట్టిన వాక్యం అది. ఎక్కడి నుంచి విడుదలవుతాయి? ఏ తలుపు తెరుచుకుంటే బయటికి వస్తాయి? ఆ తలుపు సరిగ్గా పడకపోతే ఏమవుతుంది? ఈ మూడో ప్రశ్నకు జవాబు మన హాస్టల్ తమ్ముడొకడి ప్రాణంతో ముడిపడింది. అందుకే ఈ వ్యాసం.

కాల్షియం మనకు కొత్త చుట్టం కాదు. వార్షికోత్సవానికి గోడలకు వేసే సున్నంలో ఉంది. అమ్మమ్మ ఆకుకు రాసుకునే సున్నంలో ఉంది. బోర్డు మీద రాసే సుద్దముక్కలో ఉంది. కోడిగుడ్డు పెంకులో ఉంది. పెద్దవాళ్ళ శరీరంలో సుమారు కిలో కాల్షియం ఉంటుంది. అందులో నూటికి 99 పాళ్ళు ఎముకల్లోనూ, పళ్ళలోనూ ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క పాలే మనల్ని నడిపిస్తుంది, పరుగెత్తిస్తుంది, గుండెను కొట్టిస్తుంది.

ఈ సంగతి బయటపడిన తీరు విచిత్రమైనది. లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు కప్ప గుండె మీద ప్రయోగాలు చేసేవాడు. 1882లో ఉప్పు ద్రావణంలో పెట్టిన కప్ప గుండె చక్కగా కొట్టుకుంటోందని రాశాడు. తరువాత తెలిసిందేమిటంటే, ఆ ద్రావణాన్ని సహాయకుడు స్వేదనజలంతో కాకుండా కుళాయి నీళ్ళతో కలిపాడు. నిజంగా స్వేదనజలంతో కలిపి చూస్తే కొద్దిసేపటికే గుండె నీరసించి ఆగిపోయింది. మన హాస్టల్ బోరు నీళ్ళలాగే లండన్ కుళాయి నీళ్ళు కూడా కఠిన జలమే. బకెట్ల అంచున తెల్లగా పొర కట్టి, పప్పు ఉడకనివ్వని ఆ నీళ్ళలో ఉన్న కాల్షియమే అన్నాళ్ళూ కప్ప గుండెను కొట్టించింది. రింగర్ ఈ విషయం దాచకుండా 1883లో మళ్ళీ ప్రచురించాడు. ఆసుపత్రిలో విరేచనాలై పడుకున్న మనిషికి ఎక్కించే ఆర్.ఎల్. సీసా తెలుసు కదా, అందులో 'ఆర్' అంటే ఈ రింగరే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కాల్షియం లేని ద్రావణంలో గుండె త్వరగా ఆగిపోతుంది. అదే ద్రావణంలో కాలి కండరం మాత్రం చాలాసేపు ముడుచుకుంటూనే ఉంటుంది. రెండూ కండరాలే, రెండింటికీ కాల్షియమే కావాలి. మరి ఈ తేడా ఎందుకు?

మా టీచరు మిత్రుడు పదో తరగతి పిల్లలకు చెప్పే పోలికతోనే చెబుతాం. ప్రతి కండర కణం లోపలా ఒక చెరువు ఉందనుకోండి. దాని పేరు సార్కోప్లాస్మిక్ రెటిక్యులం. ఆ చెరువు నిండా కాల్షియం. చెరువు కట్ట కింద పొలం, అంటే ఆక్టిన్, మయోసిన్ తంతువులు. పొలానికి నీళ్ళు పారితే కండరం ముడుచుకుంటుంది, నీళ్ళు తోడేస్తే వదులవుతుంది. కండరం ఊరికే ఉన్నప్పుడు పొలం పూర్తిగా ఎండి ఉంటుంది. అప్పుడు కణం లోపలి కాల్షియం గాఢత, బయట రక్తంలో ఉన్నదానికన్నా సుమారు పదివేల రెట్లు తక్కువ. చెరువుకూ పొలానికీ మధ్య ఒక తూము ఉంది. దానినే శాస్త్రజ్ఞులు కాల్షియం విడుదల చేసే ఛానల్ అంటారు. దాని అసలు పేరు రయనోడిన్ రిసెప్టర్.

కాళ్ళు, చేతుల కండరాల్లో ఈ తూము తలుపును ఒక గొలుసుతో పైనున్న మీటకు కట్టేసినట్లు ఉంటుంది. నరం నుంచి విద్యుత్ సంకేతం రాగానే కణం పైపొరలో ఉన్న ఒక ప్రొటీను కదులుతుంది. అది తూముకు ఆనుకునే ఉంది కాబట్టి తలుపు నేరుగా తెరుచుకుంటుంది. బయటి నుంచి ఒక్క చుక్క రానవసరం లేదు. అందుకే కాల్షియం లేని ద్రావణంలో కూడా కాలి కండరం కొంతకాలం పనిచేస్తుంది. గుండెలో ఆ గొలుసు లేదు. అక్కడ సంకేతం రాగానే ముందు బయటి నుంచి కొద్దిగా కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కొద్ది కాల్షియం వెళ్ళి తూమును తడితే, చెరువులోని కాల్షియం పెద్ద ఎత్తున బయటికి వస్తుంది. రింగర్ ద్రావణంలో ఆ మొదటి కొద్ది కాల్షియం లేకపోవడం వల్లే కప్ప గుండె ఆగిపోయింది. 1993లో ఎలుక గుండె కణాల్లో ఈ తూములు తెరుచుకోవడాన్ని సూక్ష్మదర్శిని కింద వెలుగు చుక్కలుగా చూశారు. వాటికి 'కాల్షియం నిప్పురవ్వలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అలాంటి వేలాది రవ్వలు ఒక్కసారిగా వెలిగితే ఒక గుండె చప్పుడు.

ఈ తూము మామూలు ప్రొటీను కాదు. ఒక్కోటి సుమారు 5,000 అమైనో ఆమ్లాలతో తయారైన నాలుగు ముక్కలు కలిస్తే ఒక తూము. మొత్తం బరువు 20 లక్షల డాల్టన్లకు పైమాటే. మనం చదువుకున్న హీమోగ్లోబిన్ కూడా నాలుగు ముక్కలదే, కానీ దాని బరువు 64 వేల డాల్టన్లు. అయాన్లను పంపే తలుపుల్లో ఇంతకన్నా పెద్దది ఇప్పటివరకు తెలియదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కండరాన్ని చూసినవారికి చాలా ఏళ్ళ క్రితమే పొరల మధ్య వరుసగా చిన్న చిన్న పాదాల వంటివి కనిపించాయి. వాటిని 'పాదాలు' అనే పిలిచారు. ఆ పాదాలే ఈ తూములని 1980ల చివర్లో తేలింది. 2015లో వాటి ఆకారం స్పష్టంగా బయటపడింది. కండరాల్లో ఉండేది ఒకటో రకం, గుండెలో ఉండేది రెండో రకం. మెదడులోనూ, మరికొన్ని చోట్లా మూడో రకం ఉంది.

తెరిచిన తూము మూస్తే చాలదు, పారిన నీళ్ళను మళ్ళీ చెరువులోకి తోడాలి. అందుకు మోటార్లున్నాయి. వాటికి కరెంటు ఏ.టి.పి. ఒక్క ఏ.టి.పి. అణువు ఖర్చుతో రెండు కాల్షియం అయాన్లు పైకి వెళతాయి. ఇక్కడ మన తెలుగువాడిని తలుచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టి, పేదరికంలో చదువుకుని అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా ఏ.టి.పి.ని కనుగొన్నాడు.

మోటార్లకు కరెంటు పోతే ఏమవుతుందో మన పల్లెల్లో అందరికీ తెలుసు. మనిషి పోగానే పెద్దవాళ్ళు ఆలస్యం చేయకుండా కాళ్ళు చేతులు సరిచేసి, కాలి బొటనవేళ్ళు కలిపి కడతారు. కొన్ని గంటలు గడిస్తే శరీరం కొయ్యబారిపోతుందని వారి అనుభవం. ఏ.టి.పి. అయిపోయి, కాల్షియాన్ని వెనక్కి తోడే దిక్కు లేక, పట్టుకున్న తంతువులు విడివడకపోవడమే దానికి కారణం.

నిమిషానికి 72 సార్ల చొప్పున లెక్కేయండి. రోజుకు 1,03,680 సార్లు గుండె కొట్టుకుంటుంది. అన్నిసార్లూ తూము తెరుచుకోవాలి, అన్నిసార్లూ పూర్తిగా మూసుకోవాలి. ఒక్కో చప్పుడుకు సెకను కూడా వ్యవధి లేదు.

ఇప్పుడు తమ్ముడి సంగతి. మేము సెకండియర్‌లో ఉండగా ఫస్టియర్‌లో ఒక కుర్రాడు చేరాడు. బక్కగా ఉండేవాడు కానీ పరుగులో అతన్ని అందుకునేవారు లేరు. 2010 డిసెంబరులో కాలేజీల ఆటల పోటీలకు ప్రాక్టీసు చేస్తూ 400 మీటర్ల పరుగు చివరి మలుపులో పడిపోయాడు. అర నిమిషంలో లేచి కూర్చున్నాడు. ఎండ దెబ్బ అన్నారు. పది రోజుల తరువాత రాత్రి బాత్‌రూముల దగ్గర పాము కనబడితే అందరం అరిచాం. ఆ అరుపుకు అతను నిలువునా కూలిపోయాడు. ఈసారి చేతులు కొట్టుకున్నాయి. తాళాలగుత్తి చేతిలో పెట్టారు, ఉల్లిపాయ చిదిమి వాసన చూపించారు. ఒక ఆసుపత్రికి తీసుకెళితే ఇ.సి.జి. తీసి "బాగానే ఉంది" అన్నారు. మూర్ఛ అని మాత్రలు రాశారు. మాత్రలు వేసుకుంటూనే మూడోసారి పడ్డాడు. అది కూడా పరుగెత్తుతూనే.

వార్డెను సారు ఇక ఆలస్యం చేయలేదు. మాలో ఇద్దరిని తోడిచ్చి పెద్దాసుపత్రికి పంపారు. అక్కడి గుండె డాక్టరు గారు మందుల చీటీ కంటే ముందు మూడు ప్రశ్నలు అడిగారు. పడినప్పుడు ఏం చేస్తున్నాడు? పడే ముందు రంగు మారిందా? మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారు ఉన్నారా? మూడో ప్రశ్నకు తల్లి ఏడ్చింది. ఆమె తమ్ముడు పదహారేళ్ళప్పుడు బావిలో ఈతకు దూకి పైకి రాలేదు. ఈత బాగా వచ్చినవాడే. ఊళ్ళో గాలి సోకిందన్నారు.

అప్పుడు డాక్టరు గారు దగ్గరుండి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించారు. నడక వేగం పెరిగేకొద్దీ, తీరుగా వస్తున్న గీతల మధ్య దొంగ గీతలు మొదలయ్యాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. వెంటనే మిషను ఆపారు. కాసేపు కూర్చుంటే గీతలు మళ్ళీ మామూలయ్యాయి. ఈ జబ్బు పేరును పొడి అక్షరాల్లో సి.పి.వి.టి. అంటారు. ఎక్కువమందిలో దీనికి మూలం గుండెలోని రెండో రకం తూము జన్యువులో లోపమని 2001లో కనుగొన్నారు. విశ్రాంతిలో ఉన్నప్పుడు ఆ తూము సరిగానే మూసుకుంటుంది. పరుగెత్తినా, భయపడినా, కోపం వచ్చినా ఒంట్లో అడ్రినలిన్ పొంగి చెరువు నిండిపోతుంది. అప్పుడు మూసుకోవలసిన సమయంలో తూము కారుతుంది. కారిన కాల్షియం దొంగ చప్పుడు పుట్టిస్తుంది. అలాంటివి వరుసగా వస్తే గుండె రక్తాన్ని తోయలేదు, మనిషి పడిపోతాడు. దానంతట అది సర్దుకుంటే లేస్తాడు. సర్దుకోకపోతే లేవడు.

అడ్రినలిన్ పోటును తగ్గించే మాత్రలు రాశారు. బీటా బ్లాకర్ అనే రకం మందులవి. రోజూ వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానరాదు. పోటీ పరుగులు, ఒంటరిగా ఈత వద్దన్నారు. తల్లికీ చెల్లెలికీ పరీక్ష చేస్తే చెల్లెలి గీతల్లోనూ అదే తీరు కనిపించింది. ఒక్కసారి కూడా పడిపోని ఆ పిల్లకు ముందే మందు మొదలైంది. తమ్ముడు ఆ తరువాత డిగ్రీ పూర్తి చేశాడు, ఉద్యోగం చేస్తున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి. పేరు వద్దన్నాడు కానీ "నా సంగతి తప్పకుండా రాయండన్నా" అన్నాడు. చెల్లెలు టీచరు. ఆ రోజు డాక్టరు గారు అడిగిన మూడు ప్రశ్నలకు ఖర్చయింది ఐదు నిమిషాలు. నిలిచినవి రెండు ప్రాణాలు.

ఇదే తూము గురించి మా రైతు మిత్రుడి మాట వినండి. రయనోడిన్ అనేది అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల్లో పెరిగే రయానియా అనే మొక్కలోని విషం. 1940లలో ఆ మొక్క పొడిని పురుగుమందుగా వాడారు. ఆ విషం అంటుకునే చోటు కాబట్టే తూముకు రయనోడిన్ రిసెప్టర్ అని పేరు వచ్చింది. వరిలో కాండం తొలుచు పురుగుకు మనవాళ్ళు ఎకరానికి 60 మిల్లీలీటర్లు కొట్టే కొరాజెన్ ఉందే, అందులోని క్లోరాంట్రానిలిప్రోల్ పనిచేసేది కూడా పురుగు కండరంలోని ఈ తూము మీదనే. తూమును తెరిచి ఉంచేస్తుంది. చెరువు ఖాళీ అవుతుంది, పురుగు నోరు ఆడదు, తినడం మానేస్తుంది, చచ్చిపోతుంది. మన తూము ఆకారం వేరు కాబట్టి ఆ మందు పురుగు తూమును పట్టుకున్నంత బలంగా మనదాన్ని పట్టుకోదు. నరాల మీద పనిచేసే పాత మోనోక్రోటోఫాస్ వంటి మందులకు ఈ విచక్షణ లేదు. అంతమాత్రాన ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు లేకుండా కొట్టమని కాదు. నీటిలోని చిన్న జీవులకు ఇది కూడా విషమే. డబ్బాలు చెరువులో కడగవద్దని మీ నాన్నలకు చెప్పండి.

మా థియేటర్ టెక్నీషియన్ చెప్పేది ఒకటో రకం తూము గురించి. 1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కాలు విరిగిన ఒక విద్యార్థి ఆసుపత్రికి వచ్చాడు. విరిగిన కాలు కంటే మత్తుమందుకే ఎక్కువ భయపడ్డాడు. అతని బంధువులు పదిమంది మత్తు ఇచ్చినప్పుడే చనిపోయారట. వాళ్ళకు ఇచ్చిన మందు కాకుండా వేరేది ఇచ్చినా అతని ఒళ్ళు కాలిపోయింది. డాక్టర్లు గుర్తించి మత్తు ఆపడంతో బతికాడు. కొందరి కండరాల్లో పుట్టుకతోనే ఈ తూము బలహీనంగా ఉంటుంది. కొన్ని పీల్చే మత్తుమందులు, సక్సినైల్ కోలిన్ అనే ఇంజెక్షను తగలగానే అది తెరుచుకుని మూతపడదు. కండరాలన్నీ బిగుసుకుని, మోటార్లు ఆపకుండా తిరిగి, ఒళ్ళు నిప్పవుతుంది. దీనికి డాంట్రోలిన్ అనే విరుగుడు ఉంది. వెన్నులో ఇచ్చే మత్తుకు, చిగురుకు ఇచ్చే మత్తుకు ఈ ప్రమాదం లేదు. ఆపరేషనుకు ముందు "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా?" అని డాక్టరు అడిగితే విసుక్కోకుండా ఇంటి పెద్దలను కనుక్కుని చెప్పాలి.

తమ్ముళ్ళూ, ఇది చదివి ప్రతి గుండెదడకూ హడలిపోవద్దు. ఈ జబ్బులు అరుదు. ఆటల తరువాత పిక్క పట్టేసిందంటే గుండెకు ముప్పని కాదు. కాల్షియం మాత్రలు మింగితే పరుగు పెరగదు కూడా. కండరం తన చెరువులోని కాల్షియాన్నే తిప్పి తిప్పి వాడుకుంటుంది. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసుకునే ఏర్పాటు ఒంట్లోనే ఉంది. పాలు, గుడ్డు, రాగి జావ, ఆకుకూరలు వదలకుండా తింటే చాలు. గుర్తుంచుకోవలసినవి ఇవి:

1. పరుగులో, ఈతలో, భయంలో, కోపంలో ఎవరైనా స్పృహ తప్పి పడితే, వెంటనే లేచినా సరే, గుండె డాక్టరుకు చూపించాలి. కూర్చోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగుందని ఊరుకోవద్దు. ట్రెడ్‌మిల్ పరీక్ష గురించి అడగాలి.

2. ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారుంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. గాలి, దయ్యం అని దాచవద్దు.

3. పడినవాడు పలకకపోతే, ఊపిరి సరిగా లేకపోతే, ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులు పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతుకు గట్టిగా నొక్కుతూ ఉండాలి. తాళాలు, ఉల్లిపాయలు వెతుకుతూ ఆ సమయం పోగొట్టుకోవద్దు.

4. మందు మొదలుపెట్టిన తరువాత బాగున్నామని మానవద్దు.

ఈ మూడో పనిని చూపించడానికి మాలో ఇద్దరు నర్సులు, కానిస్టేబులు మిత్రుడు వార్షికోత్సవం రోజు ఉదయం హాస్టల్‌కు వస్తారు. దిండు మీద ప్రాక్టీసు చేయిస్తారు. వంట మాస్టరు, వాచ్‌మన్ అన్నలతో సహా అందరూ రండి.

చివరిగా ఒక మాట. పుస్తకంలో రెండు మార్కులకు వచ్చే వాక్యాన్ని చిన్నచూపు చూడవద్దు. దాని వెనుక ఎవరో కప్ప గుండె ముందు గంటలు కూర్చున్నారు. ఎవరో తమ లెక్క తప్పని తెలిసి మళ్ళీ ప్రచురించారు. మీలో ఎవరైనా రేపు ఆ తూము గురించి కొత్త సంగతి కనుక్కోవచ్చు. ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివినవాళ్ళం మేము కూడా. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. పరీక్షలు బాగా రాయండి.

– 2009–11 బై.పి.సి. బ్యాచ్, పూర్వ విద్యార్థులు